నలభై బకెట్ల నీళ్ళు, ఒక సీసా పాకం

ఇందులో రాసిన ప్రతి అక్షరమూ నిజం. దేవుడి సాక్షిగా, నా ఇద్దరు పిల్లల సాక్షిగా, రోజూ పరగడుపున వేసుకునే నా బీపీ మాత్ర సాక్షిగా చెబుతున్నాను. ఒట్లు పెట్టుకోవద్దని బైబిలు వాక్యంలో ఉందని మా ఆవిడ గుర్తు చేసింది. ఉందని నాకూ తెలుసు. కానీ ఒట్టు పెట్టకపోతే నా మాట నమ్మే తెలుగువాడు ఈ న్యూజెర్సీ పిస్కాటవే చుట్టుపక్కల పాతిక మైళ్ళలో లేడు. మా తెలుగు చర్చి సంఘంలో ఒకసారి మంచులో నా కారు జారి మూడు చుట్లు తిరిగిన సంగతి సాక్ష్యంగా చెప్పాను. మొదటి ఆదివారం మూడు చుట్లే. చెప్పిన చోటల్లా ఒక్కో చుట్టు పెరిగి ఈస్టరు నాటికి ఏడయ్యాయి. అప్పట్నుంచీ సాక్ష్యాల సమయానికి నేను లేస్తే చాలు, పాస్టరుగారు వాచీ చూసుకుని "బ్రదర్‌గారు క్లుప్తంగా" అంటారు.

క్లుప్తంగానే చెబుతాను. ఇది మేపుల్ సిరప్ సంగతి.

ఆ పదార్థం మీద నాకున్న చులకన ముందే చెప్పేస్తే మంచిది. చెట్టుకి చిల్లు పెట్టడం, కారిన నీళ్ళు పట్టడం, ఆ నీళ్ళని పొద్దున్నించి పొద్దుగూకేదాకా మరగబెట్టి నలభై బకెట్లని ఒక్క బకెట్టు చెయ్యడం, చివరికి దాన్ని తీసుకెళ్ళి చప్పటి మైదా అట్టు మీద పొయ్యడం. చెరుకనే మొక్క ఒకటుందని ఈ దేశంలో ఎవరూ ఎవరికీ చెప్పినట్టు లేరు. తాటిబెల్లం తిని పెరిగిన నాలుకకి ఇది బెల్లం గిన్నె తొలిచిన నీళ్ళతో సమానం. అంతకన్నా హీనమైంది, దాన్ని ఇంట్లో చేసుకునేవాళ్ళ మొహాల్లో కనపడే వెలుగు. ఏదో సముద్రాన్ని చిలికి అమృతం తెచ్చినట్టు చిన్న సీసాని రెండు చేతులా పట్టుకొస్తారు.

ఆ వెలుగు మా ఇంట్లోకి తెచ్చినవాడు మా తోడల్లుడు. అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. భీమవరం దగ్గరి పల్లె. నాకంటే పన్నెండేళ్ళు చిన్న, నన్ను అన్నయ్యా అంటాడు. హెచ్-వన్ వీసా మీద ఏదో క్లౌడు పని చేసుకుంటుంటే జనవరి నెలాఖరున కంపెనీ వాళ్ళు ఓ పావుగంట వీడియో కాల్ పెట్టి ఇంటికి పొమ్మన్నారు. హెచ్-వన్ మనిషికి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు. ఆ లోపల ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదంటే పెట్టెలు సర్దుకోవాలి. ఇది ఇక్కడ పిల్లలకి కూడా ఎక్కాల్లాగా వచ్చు. మొగుడూ పెళ్ళాం అద్దె అపార్ట్‌మెంటు వదిలేసి మా బేస్‌మెంట్‌లో దిగారు. వస్తూనే మరదలు మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించింది. అందులో అరవై గళ్ళు. రోజూ పొద్దున్నే ఒక గడి కొట్టేసి కాఫీ కలిపేది.

అరవై గళ్ళు చేతిలో ఉన్న మనిషి ఏం చెయ్యాలి? తొమ్మిదో గడి కొట్టేసిన రోజు ఇతను కిటికీలోంచి మా పెరట్లోకి చూసి, "అన్నయ్యా, అది మేపుల్ చెట్టు" అన్నాడు.

"ఆకు లేదు, పువ్వు లేదు. ఎలా పోల్చావయ్యా?"

"కొమ్మలు జతలు జతలుగా ఎదురెదురుగా వస్తాయన్నయ్యా. యూట్యూబ్‌లో చూశాను."

పన్నెండేళ్ళుగా ఆ చెట్టు రాల్చిన ఆకులు ఊడ్చుకుంటున్నది నేను. దానికి నేను పెట్టుకున్న పేరు వెధవ చెట్టు. ఇప్పుడు దానికో వంశం బయటపడింది.

మర్నాడు నా డ్రిల్లుతో, నా చెట్టుకి, నా ఇంటి ఉప్మా తిని, రెండంగుళాల లోతు చిల్లు పెట్టాడు. చిల్లు కొంచెం పైకి వాలుగా ఉండాలట, లేకపోతే నీళ్ళు బయటికి రావట. అందులో చిటికెన వేలంత ప్లాస్టిక్ గొట్టం కొట్టి, కింద బకెట్టు తగిలించాడు. రాత్రి గడ్డకట్టే చలి ఉండి పగలు కాస్త ఎండ కాస్తేనే చెట్టు కారుతుంది. ఆ రోజు కారింది. వేలు పెట్టి నాకి, లాటరీ తగిలినవాడిలా కేక పెట్టాడు.

"తియ్యగా ఉందన్నయ్యా!"

నేనూ నాకాను. "నీళ్ళు."

"సరిగ్గా చూడండి."

"చల్లటి నీళ్ళు."

అక్కడితో ఊరుకుంటే పోయేది. నా నోరు ఊరుకునే నోరు కాదు. "మన దగ్గర తాటిచెట్టుకి కుండ కట్టేటప్పుడు లోపల సున్నం రాస్తారు, రాయకపోతే తెల్లారేసరికి కల్లయిపోతుంది. నీ బకెట్టుకి రాశావా?" అన్నాను. తాటిచెట్టు విషయంలో అది అక్షరాలా నిజం. ఫిబ్రవరి చలిలో న్యూజెర్సీలో పులిసేది ఏదీ ఉండదని, మేపుల్ బకెట్టుకి సున్నం రాసినవాడు ఈ ఖండంలో పుట్టలేదని నాకు తెలుసు. ఆ రెండో సగం చెప్పలేదు. అబద్ధం ఆడటానికి అన్నిసార్లూ అబద్ధం ఆడక్కర్లేదు.

అతను తలూపి కారు తీశాడు. ఇండియన్ షాపులో తమలపాకుల పక్కన పెట్టే పాన్ సున్నం డబ్బాలు మూడు తెచ్చాడు. భీమవరం బుర్ర. బకెట్లకి లోపల చక్కగా, ఇంటికి వెల్ల వేసినట్టు వేశాడు. అప్పటికి పక్కింటి తెల్లాయన మూడు చెట్లకి కూడా చిల్లులు పెట్టే అనుమతి సంపాదించాడు, అంటే నాలుగు బకెట్లన్నమాట. పక్కింటాయన కంచె మీంచి వంగి ఆ తెల్లటి బకెట్లు చూసి, ఇది మీ ఇండియా పద్ధతా అని అడిగాడు. "ఐదువేల ఏళ్ళ నాటిది" అన్నాను. ఆయన టోపీ సర్దుకుని గౌరవంగా లోపలికి వెళ్ళాడు.

నాలుగు రోజుల నీళ్ళు పోగుచేసి, శనివారం పొద్దున మా వంటింట్లో నాలుగు పొయ్యిల మీదా నాలుగు గిన్నెలు పెట్టాడు. నీళ్ళు నీళ్ళలా లేవు, బియ్యం కడుగులా ఉన్నాయి. మధ్యాహ్నానికి వంటింట్లో ఆవిరి ఎంత పట్టిందంటే, మా ఆవిడా నేనూ ఎదురెదురుగా నిలబడి ఒకళ్ళనొకళ్ళం కేకేసుకున్నాం. ఫ్రిజ్ మీద పెట్టిన ఇడ్లీపిండి పొయ్యి ఎక్కకుండానే సగం ఉడికింది. మూడింటికి గోడమీది వాల్‌పేపరు పైనించి ఊడి, ఒక్క ముక్కగా, కూరలు తరుగుతున్న మా ఆవిడ భుజాల మీద సన్మాన సభలో శాలువా కప్పినట్టు దిగింది.

మా ఆవిడ శాలువా తీసి మడత పెట్టి, "ఏమండీ, ఆ అబ్బాయికి చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది.

చెప్పే పని లేకపోయింది. సాయంత్రం గిన్నె అడుగున ఒక కప్పు పాకం తేలింది. కొత్తగా సున్నం కొట్టిన చర్చి గోడ ఎవరైనా నాకి చూశారో లేదో నాకు తెలీదు. నేను చూశాను.

"సున్నం ఎక్కువైందంటారా?" అన్నాడు, నన్నే.

"కొంచెం" అన్నాను.

ఇంటి గోడలు ఊడుతున్నాయి కాబట్టి మా ఆవిడ అతన్ని పెరట్లోకి తోలింది. సంఘంలో క్రిస్మస్ బిర్యానీ వండే గుండిగనీ, దాని కింద మూడుకాళ్ళ గ్యాస్ పొయ్యినీ పాస్టరుగారిని అడిగి తెచ్చుకున్నాడు. పదిహేడో గడి, పద్దెనిమిదో గడి అలా పోతున్నాయి. స్వెట్టరు మీద స్వెట్టరు, తలకి మంకీ క్యాప్, పక్కన మడత కుర్చీ, ఒళ్ళో లాప్‌టాప్, ముందు గుండిగ. పెళ్ళి వంటవాడికి క్లౌడు ఉద్యోగం వచ్చినట్టుండేవాడు. నేను ఇంటినించే పని చేసేవాణ్ణి కనక గంటకోసారి తలుపు తీసి ఓ మాట విసిరి తలుపు వేసేవాణ్ణి.

"ఇంటర్వ్యూలో నీ స్ట్రెంగ్త్స్ ఏంటని అడిగితే ఏం చెప్తావయ్యా? నీళ్ళు మరగబెడతానని చెప్తావా?"

"చాలాసేపు మరగబెడతానని చెప్తానన్నయ్యా."

అలాంటివాణ్ణి ఏమంటాం! తిట్టు తగిలే చోటు ఒక్కటి కూడా ఉండేది కాదు మనిషిలో. అదే నాకు మంట.

ఆ మధ్యలోనే శ్రమ దినాలు మొదలయ్యాయి, ఈస్టరుకి ముందొచ్చే నలభై రోజులు. మరదలు సంఘంలో లేచి, తన భర్తకి ఉద్యోగం వచ్చేదాకా తీపి ముట్టనని తీర్మానం చెప్పింది. ఉద్యోగానికీ తీపికీ ఏం సంబంధమని నేను అడగలేదు. సంబంధాలు వెతికితే సంఘం సగం ఖాళీ అవుతుంది. కానీ ఆలోచించండి: పెరట్లో మొగుడు రోజల్లా తీపి వండుతున్నాడు, పెళ్ళాం తీపి మానేసింది. పైగా పాకం ఎప్పుడు దించాలో తెలిసింది ఆ ఒక్క మనిషికే. అతని దగ్గర థర్మామీటర్ ఉంది. నీళ్ళు మరిగే వేడికంటే ఏడు డిగ్రీలు ఎక్కాలని దాని లెక్క. మరదలు దాని వంక అరిసెల పొయ్యి దగ్గరికి అల్లుడొస్తే చూసినట్టు చూసేది. గరిటె చివర్నించి ఒక చుక్క తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి, "ఇంకా నీళ్ళే," "ఇప్పుడు జిగురొస్తోంది," "గులాబ్‌జామ్ పాకం వచ్చేసింది, దించండి దించండి" అనేది. ఆ వేళ్ళు నోట్లో పెట్టుకోకుండా కొళాయి కింద కడుక్కునేది. అది చూసి నేను తలుపు వేసేసేవాణ్ణి, ఏ మాటా విసరకుండా. అంతా చెబుతున్నాను కనక అదీ చెబుతున్నాను.

ఆ రెండో కాపు బంగారు రంగులో, తేటగా వచ్చింది. మూత తీస్తే లవంగాలు, దాల్చినచెక్క, అడుగున ఎక్కడో మటన్ వాసన. పదేళ్ళ క్రిస్మస్ బిర్యానీలు ఆ గుండిగ ఒంట్లో ఇంకి ఉన్నాయి, ఎన్ని నీళ్ళు మరిగినా వదుల్తాయా! మొదటి సీసా మన వాడుక ప్రకారం ప్రథమ ఫలంగా పాస్టరుగారికి చేరింది. ఆయన దాన్ని అట్టు మీద వేసుకోలేదు. దగ్గొస్తే చెంచాడు తాగారు. ఆదివారం బల్ల దగ్గర నిలబడి, బ్రదర్ ఇచ్చిన మసాలా తేనెతో రెండు వారాల దగ్గు రెండు పూటల్లో పోయిందని సాక్ష్యం చెప్పారు. ఆయన్ని మాత్రం ఎవరూ క్లుప్తంగా అనలేదు. తర్వాతి ఆదివారం పార్కింగ్‌లో ఎనిమిదిమంది దగ్గుతూ అతని కోసం నిలబడ్డారు.

ముప్ఫయ్యో గడి దాటాక నాకు నిజంగానే కోపం వచ్చింది. పెరట్లోకి వెళ్ళి పొయ్యి మంట తగ్గించాను.

"రోజుకి ఎన్ని అప్లికేషన్లు పెడుతున్నావు?"

"నలభై దాకా."

"ఎప్పుడు పెడుతున్నావు? పొద్దున్నించీ ఈ కుండ దగ్గరేగా?"

"ఐదింటికి లేస్తానన్నయ్యా. మీరు లేచేసరికి అయిపోతాయి."

"జవాబులు?"

మంట మళ్ళీ పెంచాడు. "చెట్టు నయం. నలభైకి ఒకటైనా ఇస్తుంది."

నవ్వాడు. నేను నవ్వలేదు. అతని రెజ్యూమే మా ఆఫీసులో మొదటి వారమే ఇచ్చాను. మేనేజరు చూస్తానన్నాడు. చూస్తాను అనే మాటకి ఈ దేశంలో అర్థం ఏంటో ఇరవై రెండేళ్ళుగా ఇక్కడున్న నాకు తెలుసు, అయినా మళ్ళీ అడగలేదు. రెండోసారి అడిగితే పలచనవుతానని. కుండ ముందు కూర్చున్నవాడిని చులకన చెయ్యడానికి నాకు తీరిక దొరికింది, మేనేజరుకి ఇంకో మెయిల్ కొట్టడానికి దొరకలేదు.

నలభై నాలుగో రోజున సంఘంవాళ్ళు ఉద్యోగం కోసం మా ఇంట్లో ప్రార్థన పెట్టారు. హాల్లో పాతికమంది మోకాళ్ళ మీద. పెరట్లో గుండిగ మరుగుతోంది, ఎందుకంటే చెట్టు ప్రార్థన ఉందని ఆగదు. పాస్టరుగారు వీసా అధికారుల హృదయాలు మెత్తబరచమని అడుగుతుండగా నేను ఒక కన్ను తెరిచి చూశాను. అద్దాల తలుపు అవతల గుండిగలోంచి నురగ పైకి లేస్తోంది, పాలు పొంగినట్టు కాదు, దుప్పటి లేచినట్టు. మరదలు కూడా ఒక కన్ను తెరిచే ఉంది. లేచి, వంటింట్లోంచి నెయ్యి చెంచా తీసుకుని బయటికి పరిగెత్తింది. ఒక్క చుక్క పడగానే నురగంతా చప్పున కూలింది. ఆమె వెనక్కొచ్చి మోకరించేసరికి పాస్టరుగారు ఇంకా అధికారుల దగ్గరే ఉన్నారు. ఆ పూట గొట్టం దగ్గర ఒక ఉడత కూడా తలకిందులుగా వేలాడుతూ, రెండు చేతులూ జోడించి, కారే చుక్కలు తాగుతోంది. అది ప్రార్థనలో ఉందని నేను అనడం లేదు. చేతులు మాత్రం జోడించే ఉన్నాయి.

యాభై ఒకటో రోజున ఫోను మోగింది.

టెక్సస్‌లో ప్లేనో అనే ఊళ్ళో ఒక కంపెనీ. నాలుగు రౌండ్లు అయ్యాయి, మాట రావాలి. అతను గుండిగ కలుపుతున్నాడు, గరిటె నా చేతిలో పెట్టి ఫోను తీశాడు. ఎస్ అన్నాడు. మళ్ళీ ఎస్ అన్నాడు. మూడోసారి ఎస్ అంటూ మంచులో కూర్చుండిపోయాడు. పిటిషన్ ఆ వారమే వేస్తారట. మరదలు చెప్పుల్లేకుండా బయటికొచ్చింది. మా ఆవిడ ఏడ్చింది. ఆ గోలలో గరిటె నా చేతిలో ఉందన్న సంగతి నేనే మర్చిపోయాను. చూసేసరికి పాకం ముదిరి, గుండిగ అడుగున రాయిలా బిగిసింది. సుత్తి తెచ్చి పగలగొట్టాను. మొదటి ముక్క మరదలు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "మటన్ వాసన వస్తోంది బావగారూ" అంది.

ఇక్కడ ఆపేద్దామనుకున్నాను. మా ఆవిడ ఇంతవరకూ చదివి, కళ్ళజోడు తీసి నా వంక చూసింది.

సరే. సున్నం నిజం, వాల్‌పేపరు నిజం, పాస్టరుగారి దగ్గు నిజం. ఉడత చేతులు కూడా నిజమే, నమ్మకపోతే మీ ఖర్మ. ఆ ఫోనులో వచ్చిన కబురు మాత్రం నేను కల్పించాను.

యాభై ఒకటో రోజున ఫోను మోగిన మాట నిజమే. ప్లేనో కంపెనీయే. అతను గరాజ్‌లోకి వెళ్ళి మాట్లాడి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, నా చేతిలోంచి గరిటె తీసుకున్నాడు. "వేరేవాళ్ళని తీసుకున్నారట" అన్నాడు. నేను మామూలుగా అనేదే అన్నాను: "కలుపు, మాడుతుంది." కలిపాడు. పాకం ముదరలేదు, రాయి కాలేదు, సుత్తీ లేదు. సరిగ్గా గులాబ్‌జామ్ పాకం దగ్గర దించి, వడగట్టి, ఆరు సీసాలు నింపాడు. ఆ కాపు మిగతా అన్నిటికన్నా బాగా వచ్చింది. అదొక్కటే నాకు ఇప్పటికీ క్షమించబుద్ధి కాదు.

యాభై ఎనిమిదో రోజున ఇద్దర్నీ న్యూవర్క్ ఎయిర్‌పోర్టులో దింపాను. ఆడవాళ్ళిద్దరూ లోపల పెట్టెలు తూకం వేయిస్తున్నారు. మేమిద్దరం తోపుడుబండి పక్కన నిలబడ్డాం.

"అన్నయ్యా, మీరు ఇదంతా సంఘంలో చెప్తారు కదా?"

"చెప్పక? సున్నం సంగతి ఒక్కటే మూడు ఆదివారాలు నడుస్తుంది."

"చెప్పుకోండి. చివర్లో మాత్రం నాకు జాబ్ వచ్చిందని చెప్పండి."

"అందరికీ తెలుసు కదయ్యా, రాలేదని!"

"మీరు చెప్పేది ఎలాగూ ఎవరూ నమ్మరు. చెప్తే ఏం పోయింది?"

చెప్పాను. సంఘంలో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, మంగలి షాపులో కూడా చెప్పాను. చెప్పిన ప్రతిచోటా అతని జీతం కొంచెం పెంచాను. ఇప్పుడతను హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో చేస్తున్నాడు. అక్కడ మరగబెట్టడానికి ఏ చెట్టూ దొరక్క, ఆదివారాల్లో పాలకోవా మొదలుపెట్టాడట. కోవా కూడా రోజల్లా కలిపే పనే. ఇలాంటివాళ్ళు ఏ దేశంలోనైనా ఒక గిన్నె వెతుక్కుంటారు.

ఇది చదివి ఫోన్ చేస్తాడు. ఒక్క అబద్ధం, అదీ నేను అడిగిన ఒకే ఒక్కటి, నిలబెట్టలేకపోయారా అన్నయ్యా అని తిడతాడు. తిట్టనివ్వండి. ఇన్నాళ్ళకి ఆ మనిషికి తిట్టడం వస్తుంది.